తక్కువ రేటుకి కొన్న పుస్తకం

కె.కోటపాడు వైపు ఒక కాలేజీలో కొత్తగా లైబ్రేరియన్‌గా చేరిన అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "సార్, ఈబుక్స్ ఎక్కడ కొంటే చవక?" అని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పాపం, ఆ అమ్మాయి తప్పేం లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మామూలు పుస్తకాల గురించి నేనూ అదే అడిగాను. "రాసి పంపిస్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాను. తీరా కూర్చున్నాక, ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని అర్థమైంది.

చోడవరంలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఒక్కేళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేశాను. కాలేజీ పేరు రాయను. ప్రమోషన్ల సంగతి అసలు రాయను, మా ఉద్యోగంలో అవి లేవు. చేరినప్పుడు ఏ కుర్చీయో దిగినప్పుడూ అదే కుర్చీ, మధ్యలో రెండుసార్లు వైరు అల్లించారు.

వెనక అట్ట మీద ధర

నేను చేరిన కొత్తలో పుస్తకం ధర వెనక అట్ట మీద ఉండేది. విశాఖపట్నం నుంచి ఏజెంటు బస్సు దిగి, రెండు సంచుల నిండా పుస్తకాలతో వచ్చేవాడు. టీ తాగేవాడు. నూటికి పది తగ్గించేవాడు. ఎవరికైనా అంతే, మాకైనా, పక్క ఊరి కాలేజీకైనా. పుస్తకం చేతికొచ్చాక పేజీలు తిరగేసి, బైండు చూసి, నంబరు వేసి, లోపల మాకు మాత్రమే తెలిసిన ఒక పేజీ మీద రహస్యంగా ముద్ర కొట్టేవాణ్ణి. ఎవడైనా మొదటి పేజీ చింపేసి పట్టుకుపోయినా, ఆ లోపలి ముద్ర చూపించి ఇది మాదని చెప్పుకునే వీలుండేది.

అప్పటి ప్రిన్సిపాల్ గారు మంచి మనిషి. ఒకసారి ఓ బీద విద్యార్థి కోసం నేను సొంత డబ్బుతో గైడు కొనిచ్చానని తెలిసి గదిలోకి పిలిచారు. "ఒరే బాబూ, జేబులోంచి తియ్యకు. నువ్వు తీసిన రోజు నుంచి అదే రూలైపోతుంది. లైబ్రరీకి డబ్బివ్వడం మానేసి నీ జేబు చూస్తారు. కాగితం పెట్టు, పోట్లాడు, సంతకం తెచ్చుకో" అన్నారు. నాకది చాలా నచ్చింది. ఇరవై ఏళ్ళ పైన ఆ మాట పట్టుకునే పనిచేశాను. లైబ్రరీకి ఏటా గ్రాంటు రావడానికి కారణం ఆ పోట్లాటే. అందుకే ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను, ఒప్పని కూడా అనలేకపోతున్నాను.

గంటకో రేటు

ఈబుక్కులు వచ్చాక ముందు పోయింది వెనక అట్ట. దానితో పాటే ధరా పోయింది. అంటే ధర లేదని కాదు, బోలెడు ధరలు వచ్చిపడ్డాయి. ప్రచురణకర్త సైటులో ఒకటి, ఆన్‌లైన్ దుకాణంలో ఒకటి, ఇంకో దుకాణంలో మరొకటి. ఒకే దుకాణంలో నా కంప్యూటర్లో ఒకటి, ప్రిన్సిపాల్ గారి ఫోన్లో ఇంకొకటి. అచ్చు పుస్తకం మూడొందలుంటే, కాగితం, సిరా, బైండు, లారీ ఏవీ లేని ఈబుక్ నాలుగొందలు. ఎందుకని అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు.

మా పద్ధతి సంగతి చెప్పాలి. ఏది కొనాలన్నా మూడు కొటేషన్లు తేవాలి. వాటిని ఒక పట్టికలో వరసగా రాయాలి. అందులో తక్కువ రేటు ఎవరిదో వాళ్ళకి ఆర్డరు ఇవ్వాలి. బల్లలకీ, సుద్దముక్కలకీ, ఫినాయిలుకీ, పుస్తకాలకీ ఒకటే పట్టిక. ఆన్‌లైన్ దుకాణం కొటేషన్ ఇవ్వదు కదా, అందుకని తెర మీది ధర ప్రింటు తీసి జతపరిచేవాణ్ణి. ఆ కాగితం సూపరింటెండెంటు సూర్యారావు బల్ల మీదికి వెళ్ళి, అక్కణ్ణించి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, సంతకమై తిరిగొచ్చేసరికి వారం. కార్డుతో డబ్బు కట్టబోతే ఓటీపీ ప్రిన్సిపాల్ ఫోనుకి వెళ్తుంది. ఆయన మీటింగులో ఉంటారు. ఓటీపీ దొరికేసరికి ధర మారిపోయి ఉండేది.

"ఇదేటండి మాస్టారూ, కాయితం మీద ఆరొందల నలభై, బిల్లులో ఏడొందల పదా? అనకాపల్లి బెల్లం మార్కెట్టా ఏటి?" అని సూర్యారావు నా ముఖాన బిల్లు ఊపేవాడు. బెల్లం మార్కెట్లో వేలం పాట పాడేవాడు కనీసం ఎదురుగా నిలబడతాడని నేను అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ ఏడు ఆడిట్ వాళ్ళు వచ్చి అదే బిల్లు పట్టుకున్నారు. డెబ్బై రూపాయలు ఎక్కువెందుకు పెట్టారో సంజాయిషీ రాయమన్నారు. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ తిప్పికొట్టారు. చివరికి ఆ డెబ్బై నా జీతంలో కోసి, లైబ్రేరియన్ అజాగ్రత్త అని ఫైల్లో రాశారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి నా ఒళ్ళు మండింది. అప్పట్నించీ పట్టికలో ఏది తక్కువైతే దాని కింద గీత గీసి సంతకం పెట్టేయడం అలవాటు చేసుకున్నాను. ఈ అలవాటు గురించి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఇకపై రాయబోయేదంతా దాని ఫలితమే.

ప్రచురణకర్తల ప్రతినిధులూ తక్కువ తినలేదు. లైబ్రరీకి అమ్మే ధర సైటులో కనబడదు, ఫోన్ చేసి అడగాలి. అడిగితే మొదటి ప్రశ్న, "మీ కాలేజీలో ఎంతమంది స్టూడెంట్స్ సార్?" ఈ పుస్తకం చదివేది ఆరుగురు బాబూ అన్నా వినడు. నేను ఉన్నది ఉన్నట్టు ఎనిమిదొందలని చెప్పాను. ఇంకో కాలేజీ లైబ్రేరియన్ రెండొందలని చెప్పి మూడో వంతుకే తెచ్చుకున్నాడు. పైగా అది కొనడం కాదు, ఏడాది అద్దె. ఏడాది తిరిగేసరికి పుస్తకం మాయం. స్టాకు తనిఖీకొచ్చిన లెక్చరరు "పుస్తకం చూపించండి" అంటే ఏం చూపించను? మొదటి పేజీ ప్రింటు తీసి, దాని మీద ముద్ర కొట్టి బీరువాలో పెట్టాను. ఆయన ఆ ఒక్క కాగితం చూసి, పుస్తకం ఉన్నది అని సంతకం పెట్టాడు. ఇలాంటి చోట ఉద్యోగం చేశానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నూకరత్నం

నా సర్వీసు ఇంకా రెండేళ్ళు ఉందనగా నూకరత్నం అనే అమ్మాయి బి.ఏ. ఆఖరి సంవత్సరంలో ఉంది. చీడికాడ అవతల చిన్న ఊరు, తండ్రిది చెరకు సాగు. తొమ్మిదో ఏట జబ్బు చేసి చూపు పోయింది. కర్ర పట్టుకుని ఒక్కత్తే బస్సులో వచ్చేది. వరండాలో దారికడ్డంగా బైకు పెట్టిన కుర్రాళ్ళెవరైనా ఉంటే సీటు మీద కర్రతో టపీమని కొట్టి, "ఎవుడిదిరా ఇది, నాకు కనబడదు, నీకూ కనబడదా?" అనేది. కాలేజీలో ఆ పిల్లంటే అందరికీ భయమూ, ఇష్టమూ.

ఆమె ఫోన్లో అక్షరాలు చదివి వినిపించే ఏర్పాటు ఉండేది. ఎంత వేగంగా పెట్టుకునేదంటే, నాకది పిచికల గోలలా ఉండేది, ఆమెకి మాత్రం ప్రతి ముక్కా అర్థమయ్యేది. విశాఖపట్నంలో చరిత్రలో ఎం.ఏ. చదవాలని ఆమె కోరిక. దానికి ప్రవేశ పరీక్ష ఉంది. ర్యాంకు వస్తే సీటుతో పాటు హాస్టలూ వస్తుంది. వాళ్ళ నాన్న ఒకే ఒక్కసారికి ఒప్పుకున్నాడు. ఆయన మాట ఆమే నాకు అనుకరించి చెప్పింది: "ఒకపాలి రాయి. సీటొస్తే ఎల్లు. రాకపోతే మరి నన్నడగొద్దు."

ఆ పరీక్షకి అందరూ చదివే లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటుంది. ఇంగ్లీషులో, ఆరొందల పేజీలు. మా దగ్గర అచ్చు ప్రతులు రెండున్నాయి, ఆమెకి వాటితో పనిలేదు. నవంబరులో ఒకరోజు నా బల్ల ముందుకొచ్చింది.

"సార్, ఆ పుస్తకం ఫోన్లో వస్తదంట కదా. సూడండి."

చూశాను. ప్రచురణకర్త సైటులో ఒక్క మనిషికి అమ్మే ధర తొమ్మిదొందలు. ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఆరొందల నలభై. ఇంకో దుకాణంలో మూడొందల ఎనభై ఐదు. అదే పేరు, అదే అట్ట, అదే సంవత్సరం. ప్రచురణకర్త సైటులో మాత్రం మొదటి అధ్యాయం ఉచితంగా ఇచ్చారు. దాన్ని ఆమె ఫోన్లోకి పంపిస్తే గడగడా చదివేసింది. రత్నం మొహం విప్పారింది.

"ఇదే సార్. ఇది సదవతంది. ఇదే కావాలి."

బ్యాగులోంచి మడతలు పెట్టిన నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. తొమ్మిదొందలు. "నాకు కార్డు లేదు. మీ ఫోన్లో కొట్టేసి నాకు పంపేయండి" అంది.

నేను ఆ డబ్బు తీసుకోలేదు. "లైబ్రరీ ఉన్నది దేనికమ్మా? నువ్వు కొనుక్కోవడమేమిటి? దాచుకో. వారంలో కాలేజీ చేత కొనిపిస్తాను" అన్నాను. చాలా గొప్పగా అన్నాను. పక్కన ఇద్దరు లెక్చరర్లు కూడా విన్నారు. ఆ పిల్ల "మీరెంత సెప్తే అంత సార్" అని నోట్లు మళ్ళీ మడిచి పెట్టుకుంది.

రిమార్కులు

అదే రోజు పట్టిక తయారుచేశాను. వరస సంఖ్య, పుస్తకం పేరు, అమ్మేవారు, ధర, రిమార్కులు. మూడు ధరలూ రాశాను. రిమార్కుల గడిలో "ప్రచురణకర్త ప్రతి మాత్రమే ఫోను చదవగలదు, కొనేది చూపు లేని విద్యార్థిని కోసం" అని ఒక్క వాక్యం రాయాలి. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది.

రాయలేదు. ఎందుకు రాయలేదో చాలాసార్లు ఆలోచించాను. ఆ డెబ్బై రూపాయల సంజాయిషీ గుర్తొచ్చింది. ఇప్పుడు ఐదొందల పదిహేను తేడా. సూర్యారావు దానికి సర్టిఫికెట్లు అడుగుతాడు, ప్రిన్సిపాల్ కమిటీలో పెడతానంటారు, నెల పడుతుంది. ఇవన్నీ నిజమే. కానీ అసలు కారణం అది కాదు. అదే అట్ట, అదే పుస్తకం కదా, ఒకచోట చదివింది ఇంకోచోట చదవదా అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు అచ్చు పుస్తకాలు కొన్నవాడి బుద్ధి అది. అచ్చు పుస్తకం ఏ కొట్లో కొన్నా ఒకటే. మూడొందల ఎనభై ఐదు కింద గీత గీశాను. ఫైలు నాలుగు రోజుల్లో సంతకమై వచ్చింది. నా సర్వీసులో అంత తొందరగా ఏ ఫైలూ కదల్లేదు.

రత్నాన్ని పిలిచి ఆమె ఫోన్లో పుస్తకం దించాను. ఆమె వేలితో తెర నొక్కింది. ఫోను "ఇమేజ్. పేజ్ వన్" అంది. మళ్ళీ నొక్కింది. "ఇమేజ్. పేజ్ టూ." యాభై పేజీలు దాటించి నొక్కింది. "ఇమేజ్." ఆ దుకాణం వాళ్ళు అమ్మింది అచ్చు పేజీల ఫొటోలు. అక్షరం ఒక్కటీ లేదు. ఆ సంగతి సైటులో ఎక్కడా రాయలేదు, రాసినా నేను చదివి ఉండేవాణ్ణి కాదు.

రత్నం పకపకా నవ్వింది. "ఆరొందల బొమ్మలు కొనేసేరేటి సార్ నాకు?"

వారంలో మార్పిస్తానన్నాను.

ఏడు వారాలు

దుకాణానికి ఫోన్ చేస్తే, డిజిటల్ సరుకు వాపసు తీసుకోం అన్నారు. సరే, ప్రచురణకర్త ప్రతి కొందామని ఇంకో పట్టిక పెట్టాను. ఈసారి రిమార్కుల గడి నిండా రాశాను. సూర్యారావు ఫైలు తిప్పి చూసి, "ఒకే ఏడు ఒకే పుస్తకం రెండుపాలు కొంటే నన్నేటంటారండి? ఉన్న పుస్తకం పనికిరాదని రాసివ్వండి. అప్పుడు ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు అంటారు. మీకే సుట్టుకుంటది" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, నిజంగా నా మంచికే చెప్పాడు. అప్పటికి కుర్చీలో ఉన్న కొత్త ప్రిన్సిపాల్ మాత్రం ఫైలు తెరవకుండానే, "స్టాకులో ఉంది కదయ్యా" అన్నారు. ఉన్నది చదవదు సార్ అన్నాను. "చదవాల్సింది స్టూడెంటు, పుస్తకం కాదు" అని ఆయనకాయనే నవ్వుకున్నారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. ఆయన రిటైర్మెంటు సభలో నన్ను మాట్లాడమంటే వెళ్ళలేదు.

డిసెంబరు పోయింది, జనవరి సగం పోయింది. నేను కాగితాలు పెడుతూనే ఉన్నాను. కాలేజీల పై అధికారి ఆర్జేడీ ఆఫీసుకి రాశాను, కాలేజీ కమిటీ సెక్రటరీ ఇంటికి చెప్పులరిగేలా తిరిగాను. ప్రతి సోమవారం రత్నం వచ్చి బల్ల ముందు నిలబడేది. "ఈ వారం" అనేవాణ్ణి. మూడో సోమవారం నుంచి ఆమె అడగడం మానేసి, ఊరికే నిలబడి వెళ్ళిపోయేది. ఆ తొమ్మిదొందలు పరీక్ష ఫీజుకీ, బస్సు పాసుకీ అయిపోయాయని తర్వాత తెలిసింది. క్లాసు అమ్మాయిలు వంతులేసుకుని అచ్చు పుస్తకం చదివి, ఆమె ఫోన్లో రికార్డు చేసిపెట్టారు. మూడు అధ్యాయాలయ్యేసరికి వాళ్ళ ఇంటర్నల్సు వచ్చిపడ్డాయి.

మీరు అడగచ్చు, జీతగాడివి, తొమ్మిదొందలు నీ దగ్గర లేవా అని. ఉన్నాయి. ఆ నెలలోనే నేను పదకొండు వేలు పెట్టి ఫ్రిజ్ మార్చాను. జేబులోంచి తియ్యకు అన్న పాత ప్రిన్సిపాల్ గారి మాట ఒకటి అడ్డం. ఇంకొకటి, నేను గెలవాలి. నా ఫైలు మీద ఆ ప్రిన్సిపాల్ చేత సంతకం పెట్టించాలి. నా పోట్లాట ఎవరి కోసమో ఆ పోట్లాటలోనే మర్చిపోయాను. మిగతా అందరి మీదా ఎంత కోపం ఉన్నా, ఈ మాట ఒప్పుకోకుండా ఇది రాయడం దండగ.

పరీక్ష ఇంక పదకొండు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్లో ఆ ప్రచురణకర్త సైటు తెరిచాను. ఏదో ఆఫరు పెట్టారు. పుస్తకం రెండొందల నలభై. నేను కొన్న బొమ్మల పుస్తకం కన్నా నూట నలభై ఐదు తక్కువ. ఏ పట్టికలో పెట్టినా అదే గెలిచేది. ఎంగిలి చేత్తోనే నొక్కాను. ఓటీపీ నా ఫోనుకే వచ్చింది. రెండు నిమిషాలు పట్టింది, అంతే. ఏడు వారాల పని.

రత్నం ఊరికి ఫోన్ చేసి పంపించాను. "సదవతంది సార్" అంది. దణ్ణాలు పెట్టలేదు, నాకూ అది హాయిగా అనిపించింది. పదకొండు రోజులూ రోజుకి పన్నెండు గంటలు విన్నదట. ఇరవై రెండు అధ్యాయాల్లో పధ్నాలుగు అయ్యాయి.

ఫలితాలొచ్చాక ఆమే కాలేజీకి వచ్చి చెప్పింది. ఆఖరి హాస్టలు సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో, దానికి ఆమె ర్యాంకు తొమ్మిది వెనక. "పదహారో అజ్జాయంలోంచి ఏడు బిట్లు వచ్చేయి సార్" అంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాను. ఇంకొక్కసారి రాయనివ్వండి, పుస్తకాలు నేను చూసుకుంటానన్నాను. "సూసుకున్నారు కదా బాబూ" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు.

అడిగిన ప్రశ్నకి జవాబు

అమ్మా, ఎక్కడ చవక అని అడిగావు. నాకు తెలీదు. ఇవాళ ఒకచోట చవక, రేపు ఇంకోచోట. దాని వెనక పరిగెత్తకు. ధర చూసే ముందు, ఆ ధరకి ఏమిస్తున్నారో అడుగు. ఎంతమంది చదవచ్చు, ఎన్నాళ్ళుంటుంది, ఫోను పైకి చదువుతుందా. చదివే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీలు తెరిపించు. మచ్చుకి పేజీలు ఇవ్వని వాడి దగ్గర కొనకు. రిమార్కుల గడి ఖాళీగా వదలకు. నిన్ను అజాగ్రత్త అని రాస్తే రాయనీ. ఎప్పుడైనా జేబులోంచి తియ్యాల్సొస్తే తీసెయ్, పోట్లాట తర్వాత పోట్లాడచ్చు. ఇవన్నీ చేసినా కొన్నిసార్లు మోసపోతావు. ఈ ధరలు పెట్టే వాళ్ళకి మన కాలేజీలూ తెలియవు, మన పిల్లలూ తెలియరు, తెలుసుకోవాలనీ లేదు.

నా రిటైర్మెంటు రోజున శాలువా కప్పి, ఆఖరి రెండేళ్ళలో లైబ్రరీ మీద ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా లేదని మెచ్చుకున్నారు. నిజమే, లేదు. ఆ మూడొందల ఎనభై ఐదు రూపాయల బిల్లు మీద ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మూడు కొటేషన్లు, తక్కువ రేటు, సంతకాలు, అన్నీ సక్రమంగా ఉన్నాయి.

రిటైర్మెంటు డబ్బు చేతిలో పడ్డాక రత్నానికి ఫోన్ చేశాను. వాళ్ళ ఊళ్ళో హైస్కూలు పిల్లలకి సాంఘిక శాస్త్రం ట్యూషన్ చెబుతోంది. ఫోన్లో వెనక పిల్లల గోల వినబడుతోంది. బాగున్నావా అంటే బాగున్నానంది, మా ఆవిడ మోకాళ్ళ సంగతి గుర్తుపెట్టుకుని అడిగింది.

"అమ్మా, ఏ పుస్తకం కావాలన్నా చెప్పు. ఎంత రేటైనా సరే, ఇప్పుడే నేను కొంటాను" అన్నాను.

రత్నం నవ్వింది, బొమ్మలు కొన్నారేటి అన్ననాటి నవ్వు కాదు.

"వద్దు సార్. మీరు కొంటానంటే నాకు బయ్యం" అంది.

ముప్ఫై ఒక్కేళ్ళు పుస్తకాలు కొనడమే నా ఉద్యోగం.